అవతలి కొస

ఆ లాండ్రీలో ఒక వింత పద్ధతి ఉండేది. హోటళ్ల నుంచి వచ్చే పెద్ద దుప్పట్లు మడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బల్ల దగ్గర రెండు మూలలు పట్టుకుని నిలబడతారు. రెండోవారు అవతలి కొస పట్టుకుని గుడ్డ బిగిసేదాకా వెనక్కి వెళతారు, మడత మడతకీ ముందుకు నడిచొచ్చి మూలలు అందిస్తారు. గుడ్డ నేలకి తగిలిందో, మళ్లీ ఉతుక్కే. ఇంత జరిగినా బల్ల పైన వేలాడే పలక మీద మాత్రం ఒక్కరి హాజరు బిళ్ల నంబరే వేస్తారు, బల్ల దగ్గర నిలబడ్డవారిది. నడిచే మనిషి రోజంతా కాళ్లు అరిగేలా నడిచినా పలక మీద ఆమె ఊసే ఉండదు. ఇదేం న్యాయమని ఎవరైనా అడిగితే, మా తాతల నాటి నుంచీ ఇంతే అనేవాడు యజమాని. ఆయన తాత ఏనాడూ లాండ్రీ మొహం చూడలేదు, అది వేరే సంగతి.

కిటికీ పక్క బల్ల మీద పదకొండేళ్లుగా ఒకే నంబరు. ఆ నంబరు మనిషిని అందరూ బల్లక్క అనేవారు. ఆమెకి అవతలి కొస పట్టే మనిషి వంతెన అవతలి నుంచి వచ్చేది. వంతెన అవతల వేరే దేశం. తెరిచి ఉన్న రోజుల్లో పొద్దున్నే వందల మంది అటు నుంచి పనికొచ్చి, చీకటి పడేలోగా వెళ్లిపోయేవారు. బల్లక్క ఆమెని చెల్లీ అని పిలిచేది. చెల్లికి ఒక అలవాటు ఉండేది. మూలలు సరిపోగానే గుడ్డని ఒక్కసారి చిన్నగా గుంజేది, నేను సిద్ధమక్కా, కానివ్వు అన్నట్టు. ఆ గుంజుతో ఇద్దరూ మాటా పలుకూ లేకుండా పూటల కొద్దీ పని చేసేవారు. పదకొండేళ్లలో ఆమె చేతిలోంచి ఒక్క దుప్పటి నేల మీద పడలేదు.

అంతలో వంతెన మూయాలా వద్దా అని రచ్చ మొదలైంది. టీ కొట్టు దగ్గర రెండు జట్లయ్యాయి. వాళ్లు రాకపోతే చేసేదెవరని ఒక జట్టు, వాళ్లు రాబట్టే మన నోటి కాడ కూడు పోతోందని ఇంకో జట్టు. రెండో జట్టులో అందరికన్నా గట్టి గొంతు బల్లక్క తమ్ముడిది. ఆవిరి రోలరు మీద ఇస్త్రీ పని చేసేవాడు, ఏడాదిగా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

"వాళ్లు సగం కూలికి సరేనంటుంటే నన్నెవడు పిలుస్తాడక్కా?" అనేవాడు.

అది అబద్ధం కాదు. బల్లక్క ఒకరోజు ఉండబట్టలేక చెల్లితో ఆ మాట అనేసింది. చెల్లి కోప్పడలేదు. "ఇక్కడి సగం అక్కడ రెండింతలక్కా. నన్నేం చెయ్యమంటావు?" అంది. అదీ అబద్ధం కాదు. ఇద్దరూ దుప్పటి దులిపి మడిచారు.

సంగతేమిటో తేల్చడానికి ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. ముగ్గురు వచ్చారు. పెద్దాయన ఒకరు, రాసుకునే ఆవిడ ఒకరు, అన్నీ తెలిసినట్టు తలాడించే కళ్లజోడాయన ఒకరు. కళ్లజోడాయన బల్లక్క దగ్గర ఆగి పలక వైపు చూశాడు.

"ఈ బల్ల మీద పనంతా మీరే చేస్తారామ్మా?"

చెల్లి రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది. బల్లక్క కళ్ల ముందు తమ్ముడి వాడిపోయిన మొహం మెదిలింది. "అవునండీ, నేనే" అంది. పలక మీద ఉన్నదే కదా చెప్పాను అని తనకి తాను సర్దిచెప్పుకుంది. చెల్లి తన పాదాల వంక చూసుకుంటూ ఉండిపోయింది. మిగతా బల్లల వాళ్లూ బల్లక్క మాటే పట్టుకుని అవునంటే అవునన్నారు. బల్లకి ఒక్కరు చాలు, ఆ ఒక్కరూ మనవాళ్లే, బయటివాళ్లు అదనం అని కమిషన్ రాసుకుపోయింది. నెల తిరక్కుండా వంతెన మూశారు.

ఆఖరి రోజు చెల్లి వెళ్లబోతూ, "ఎప్పుడైనా మళ్లీ తెరిస్తే నా కూతురొస్తుందక్కా. దాన్ని నీ బల్ల దగ్గరే పెట్టుకో. నడక నేర్పించాను" అంది. తిట్టినా బాగుండేది. నాలుగు దులిపేసినా బల్లక్క ఆ రాత్రి ఇంత అన్నం తినగలిగేది.

తమ్ముడికి పని దొరికింది. కూలి కూడా పెరిగింది, లేదనడానికి లేదు. కొత్త బూట్లు కొనుక్కుని ఇల్లంతా టకటకలాడిస్తూ తిరిగాడు. మూడు నెలలు గడిచేసరికి మడవని దుప్పట్లు కొండలా పేరుకున్నాయి. నడిచే పనికి ఇటువైపు వాళ్లెవరూ ముందుకు రాలేదు, వచ్చినవాళ్లు వారం తిరక్కుండా జారుకున్నారు. హోటళ్ల వాళ్లు చాలామంది విసిగి వేరేచోటికి వెళ్లిపోయారు. మడత లేకపోతే రోలరుకి మాత్రం పనేముంటుంది? మధ్యాహ్నానికల్లా ఆపేసేవారు.

"రేటు పెరిగింది, పని సగమైంది. మన పొట్ట మనమే కొట్టుకున్నామా ఏంటక్కా?" అన్నాడు తమ్ముడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు వాడే అవతలి కొస పట్టుకునేవాడు.

ఒకరోజు మూలలు కలిశాయో లేదో, గుడ్డని ఎవరో చిన్నగా గుంజారు.

"తొందరేంట్రా, ఉండు" అంది బల్లక్క.

"నేనెక్కడ లాగానక్కా?" అన్నాడు వాడు. నిజమే, వాడి చేతులు వదులుగా ఉన్నాయి. గుడ్డ మాత్రం బిగిసి ఉంది.

ఆ తర్వాత ఆ గుంజు రోజూ వచ్చేది. తమ్ముడు కొస అందుకోబోయేలోపే అది అంగుళం పైకి లేచి ఉండేది. బల్లక్క ఎవరితోనూ అనలేదు. అంటే పిచ్చెక్కిందంటారు. నిజం చెప్పాలంటే ఆమెకి భయంతో పాటు కాస్త ఓదార్పుగా కూడా ఉండేది, అందుకే తన మీద తనకే రోత పుట్టేది.

వంతెన మీద అప్పటికీ తిరగనిచ్చేది సబ్బు లారీని ఒక్కదాన్నే. ఆ డ్రైవరు ఒకనాడు బస్తాలు దించుతూ కబురు చెప్పాడు. చెల్లి చచ్చిపోయి నెలైంది. పని లేదు, జ్వరమొస్తే మందుకి గతి లేదు. ఆమె కూతురు రోజూ వంతెన అవతల గేటు దగ్గరికొచ్చి, ఎప్పుడు తెరుస్తారని అడుగుతోందట. బల్లక్క వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. గుడ్డ మొదటిసారి గుంజినదీ ఆ వారమే.

ఊళ్లోని లాండ్రీ యజమానులంతా గోల పెట్టడంతో కమిషన్ మళ్లీ వచ్చింది. ఈసారి నిజం చెప్పేస్తానని బల్లక్క ముందే తమ్ముడికి చెప్పింది. వాడు బూట్ల వంక చూసుకుని, "చెప్పక్కా. సగం పని కన్నా సగం కూలే నయమేమో" అన్నాడు.

ఆమె ముగ్గురి ముందూ నిలబడింది. "అప్పుడు నేను తప్పు చెప్పానండీ. ఇది ఒక్కరి వల్ల కాదు. పదకొండేళ్లూ అవతలి కొస ఒక ఆడమనిషి పట్టింది. ఆమె నంబరు పలక మీద లేదు, అంతే. వంతెన అవతలి వాళ్లు లేక ఇక్కడ ఎవరికీ పూర్తి పని లేదు. ఆమె కూతురు గేటు దగ్గర నిలబడి ఉంది, రానివ్వండి."

పెద్దాయన మెత్తబడ్డాడు. కళ్లజోడాయన మాత్రం కాగితాలు తిరగేసి, "అప్పుడు అవునన్నారు, ఇప్పుడు కాదంటున్నారు. ఏది నమ్మమంటారు? ఒక్కరే మడిచి చూపించండి, తేలిపోతుంది" అన్నాడు.

అందరూ చూస్తున్నారు. తప్పక బల్లక్క ఒక దుప్పటి తీసుకుంది. మనసులోనే చేతులు జోడించింది. 'ఇవాళ ఒక్కరోజు రాకు చెల్లీ. ఈ ఒక్కదాన్నీ పడనీ. నీ కూతురి కోసమే అడుగుతున్నాను.'

గుడ్డ విసిరింది. అవతలి కొస గాల్లో లేచింది, నేల వైపు వంగింది, జానెడు ఎత్తులో ఆగింది. కిటికీలోంచి గాలి వచ్చిందనుకున్నారు చూసేవాళ్లు. కొస బిగిసింది. మడత పడింది. చిన్నగా ఒక్క గుంజు. బల్లక్క ఏడుస్తూ వేళ్లు వదిలేసింది. అయినా దుప్పటి పడలేదు. అవతలి నుంచి నడిచొచ్చినట్టే వచ్చి, మూలకి మూల కలుపుకుని బల్ల మీద చక్కగా వాలింది.

"ఎంత నేర్పమ్మా! ఇంత పనితనం పెట్టుకుని ఎవరో చెప్పించిన మాటలు మాట్లాడతారేమిటి?" అన్నాడు కళ్లజోడాయన. బల్లకి ఒక్కరు చాలని రాసుకునే ఆవిడ మళ్లీ రాసుకుంది. "ఇంకోటి మడుస్తాను, చూడండి, ఇంకొక్కటి" అని బల్లక్క ఎంత బతిమాలినా వాళ్లు ఫైలు కట్టేశారు. గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. వాడు మొత్తం చూశాడు.

పెరట్లో సబ్బు లారీ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చాడు.

"గేటు దగ్గర ఆ పిల్ల అడుగుతుంది కదా, ఏమని చెప్పమంటావు?"

బల్లక్క దుప్పటి అంచు సవరించింది.

"వాళ్లమ్మ ఇంకా పని మానలేదని చెప్పు" అంది.