ఆరో బోల్టు

ఆగండి కాసేపు. ఇది విన్నాక వెళ్దురుగాని.

నర్సీపట్నంలో రోలుగుంట వైపు వెళ్లే రోడ్డు మీద సోమసుందరంగారి వర్క్‌షాపు ఉంది. చెరుకు గానుగలకి ఇనుప ప్లేట్లు చేస్తారు. డ్రాయింగులు గీసేది గౌతమి. పాలిటెక్నిక్‌లో ఫస్టు వచ్చిన పిల్ల, చేరి ఏడు నెలలైంది. ఆ డ్రాయింగు చూసి బెజ్జాలు వేసేది దేవుళ్లు అనే పెద్దాయన. ముప్ఫై ఏళ్లుగా డ్రిల్లింగ్ మిషను ఆయన చేతిలోనే ఉంది.

కొత్త ఆర్డరొచ్చింది. ఒక్కో ప్లేటుకి వరసగా ఆరు బెజ్జాలు. వాటిలోంచి ఆరు బోల్టులు దిగి అవతలి చట్రానికి బిగియాలి. గౌతమి ముచ్చటపడి గీసింది. ప్రతి బెజ్జానికీ దూరం ప్లేటు ఎడమ అంచు నుంచే ఇచ్చింది. పక్కన చిన్న గళ్ల పెట్టె గీసి, బెజ్జం తన చోటు నుంచి ఎంతవరకు జరిగితే పరవాలేదో అందులో రాసింది. సోమసుందరంగారు చూసి సంతకం పెట్టారు.

దేవుళ్లు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఏటమ్మా గౌతమ్మా, ఈ గళ్లేటి? పచ్చీసాడతావా నాతోటి?"

"అది టాలరెన్స్ బాబాయ్. బెజ్జం చోటు తప్పకుండా..."

"నా సేతికి సోటు నువ్వు సెప్పాలేటి? అంచు నుంచి కొలిసే అలవాటు నాకు నేదు తల్లీ. ఈ బెజ్జం కాణ్నుంచి ఆ బెజ్జానికెంతో సెప్పు, బేగి ఏసి పడేస్తాను."

ఆ షాపులో అందరూ అంతే. ఒక బెజ్జం వేసి, దాన్నుంచి పక్కదానికి కొలుచుకుంటూ పోతారు. పెద్దాయన నోరు తెరిచి అడిగాడు కదా అని గౌతమి రెండో కాగితం గీసింది. బెజ్జానికీ బెజ్జానికీ మధ్య ఎనభై మిల్లీమీటర్లు, పాయింట్ రెండు అటో ఇటో అయినా సరే. గళ్ల పెట్టెలు తీసేసింది. మళ్లీ సంతకం ఎందుకులే అనుకుని నేరుగా ఆయన చేతికిచ్చేసింది.

నూట ఇరవై ప్లేట్లు వెళ్లాయి. నూట ఇరవయ్యీ తిరిగొచ్చాయి. ఆరో బోల్టు దిగడం లేదట.

గౌతమికి అర నిమిషంలో అర్థమైపోయింది. ఒక్కో దూరం పాయింట్ రెండు పెరిగినా తప్పు కాదని రాసింది తనే. అలాంటివి ఐదు కలిస్తే ఆరో బెజ్జం ఒక మిల్లీమీటరు అవతలికి పోతుంది. మొదటి డ్రాయింగులోలా అన్నీ అంచు నుంచే కొలిస్తే తేడాలు ఇలా పోగుపడవు. దేవుళ్లు కాగితం మాట జవదాటలేదు. కాగితమే తప్పు.

సోమసుందరంగారు తను సంతకం పెట్టిన డ్రాయింగు బల్ల మీద పరిచారు. "ఇందులో కొలతలు శుభ్రంగా ఉన్నాయి. ముసలాడికి చూపానడం లేదు, అంతే. సాయంత్రం ఆర్డరిచ్చిన కంపెనీ వాళ్లొస్తారు, వాణ్ణి మానిపించేశానని చెప్తాను. మిషను దగ్గరున్న కాగితం కూడా పట్రా అమ్మాయ్, చూపించాలి."

"సార్..."

"ఏంటి?"

"తెస్తాను సార్."

తేవడానికి వెళ్లే ముందు సంతకమున్న డ్రాయింగుకి ఇంకో ప్రింటు తీసుకుంది. ఎందుకు తీసిందో తనకి తెలుసు.

మిషను పక్కన దేవుళ్లు తిరిగొచ్చిన ప్లేటు ముందు గొంతుక్కూచుని ఉన్నాడు, చేతిలో వెర్నియర్ కొలబద్ద.

"కొలతలు నీయి రైటేనమ్మా," అన్నాడు తలెత్తకుండా. "పొద్దున్నుంచి మల్లీ కొలస్తన్నాను. ఏ బెజ్జం కొలిసినా నీ కాగితం మీద ఉన్నట్టే వస్తంది. మరి బోల్టు దిగనేదు. అంటే ఏటి, అంకెలు నాకు తిన్నగా కనపడ్డం నేదు. ఇన్నేళ్లలో ఇంకెన్ని పాడు సేసీసినానో."

"బాబాయ్, అది కాదు..."

"ఊరుకోయే. నువ్వు మంచిదానివి కాబట్టి అలాగంటావు."

మేకుకి వేలాడుతున్న నూనె మరకల కాగితం గౌతమి తీసింది. రెండు కాగితాలూ చేతిలో ఉన్నాయి. ఆఫీసులోంచి సోమసుందరంగారు పిలిచారు.

ఆమె ఆయనకి కొత్తగా ప్రింటు తీసిన తెల్లదే ఇచ్చింది. నూనె మరకలది మడతపెట్టి బ్యాగులో దోపుకుంది. దేవుళ్లు కళ్ల డాక్టరు ఎక్కడుంటాడో వాకబు చేసుకుంటూ గేటు దాటి వెళ్లిపోయాడు.

ఛీ అనడం తేలికే. చెప్పండి, మీరైతే ఏ కాగితం ఇచ్చేవారు?