తోడు విమానం

కాలిపోయిన మోటారు కడుపులోంచి నల్లబడిన రాగితీగను సుంకన్న పేగుల్లా లాగి కిందపడేస్తున్నాడు. వార్నిషు వాసన అతని వేళ్లకు ఎంతగా పట్టేసిందంటే, అతను కలిపిన అన్నం ముద్ద కూడా మోటారు వాసనే కొడుతుందని పెండ్లాం చిన్నక్క ఎగతాళి చేస్తుంది. గుత్తి బస్టాండు వెనక రేకులషెడ్డులో, మీసం మొలిచిన నాటినుంచీ అతనికి ఇదే పని. బోర్లలో నీళ్లు అడుగంటే కొద్దీ మోటార్లు కాలతాయి, మోటార్లు కాలే కొద్దీ సుంకన్నకు పని. ఊళ్లు ఎండితే తన పొయ్యి మండుతుందన్న సంగతి అతనికి ఏనాడూ సంతోషం కలిగించలేదు.

ఆదివారం గనక మధ్యాహ్నానికే షట్టరు దించి ఇంటిదారి పట్టాడు. దారిలో ఎవరూ పలకరించలేదు. అదేం కొత్త కాదు. బక్కపలచని ఒళ్లు, కాస్త వంగిన ఎడమభుజం, గోరు ఊడిపోయిన బొటనవేలు. యాభై దాటినా ఊళ్లో అతని పేరు తెలిసినవాళ్లు తక్కువ. "మోటార్లు చుట్టేటాయప్ప" అంటే తప్ప పోల్చుకోరు.

పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆకాశంలో ఉన్నారు. ఇంటి వెనక గదిలో, మూతపడిన నెట్ సెంటరునుంచి తెచ్చుకున్న కంప్యూటరు ఉంది. దానిలో విమానాల యుద్ధం ఆట. దేశదేశాల మనుషులు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని, మైకున్న హెడ్‌ఫోన్లలో మాట్లాడుకుంటూ, పాతకాలపు యుద్ధవిమానాలు తోలుతూ ఒకరినొకరు కూల్చుకుంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసే హేమంత్ మన దిక్కు మనుషుల్ని పోగేసి ఒక దళం కట్టాడు. సుంకన్న అందులో చేరి ఏళ్లయింది. మొదట్లో పైకి లేవడమే ఆలస్యం, కొండకు గుద్దుకుని నవ్వులపాలయ్యేవాడు. ఇప్పుడు సుంకన్న పక్కన ఉన్నాడంటే ముందు పోయేవాడు వెనక్కి తిరిగి చూసుకోడు.

ముందు పోయేవాడు ఎప్పుడూ బదరీనారాయణే. రాప్తాడులో బట్టలకొట్టు శెట్టి. ఎదురెదురుగా కలుసుకున్నది లేదు, ఎరిగినదంతా గొంతే. ఆ గొంతు దగ్గితే జలుబో పొడిదగ్గో కూడా సుంకన్నకు తెలిసిపోతుంది. ఒకసారి మోటారు తేవడానికి రాప్తాడు పోయి, ఆ కొట్టు ఎదురుగా చాలాసేపు నిలబడ్డాడు. తెల్లటి పరుపుమీద కూర్చున్న మనిషిని దూరంనుంచి చూశాడు. గ్రీజు బట్టలతో లోపలికి పోతే, "సుంకన్నా" అని పిలిచే గొంతు "ఏం కావాలప్పా" అంటుందేమోనని భయపడి వచ్చేశాడు. ఆ పిలుపు పోగొట్టుకుంటే తనకు మిగిలేదేమీ లేదని అతనికి తెలుసు.

దళంలో ఒక ఆచారం ఉంది. కరెంటును నమ్ముకోలేని జిల్లా గనక పుట్టింది. తోలేవాడి ఇంట్లో కరెంటు పోతే విమానం వెంటనే మాయం కాదు. మనిషి లేకుండానే, ఉన్న దారిన అట్లాగే పోతూ ఉంటుంది. అట్లాంటి విమానాన్ని ఒంటరిగా వదలకూడదు. అది నీళ్లను తాకేదాకా పక్కనే పోవాలి. అంతదాకా, వాడు తిరిగొచ్చి తానే పలికితే తప్ప, పిలవకూడదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు, తప్పినవాడు మాత్రం లేడు.

చిన్నక్క పుట్టింటికి పోయింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ మధ్యాహ్నం ఆటలో పైకి లేచింది ఇద్దరే. కింద కనుచూపుమేరా సముద్రం.

"సుంకన్నా, ఎన్ని నీళ్లో చూడు" అన్నాడు బదరీనారాయణ.

"ఉండాయి గదన్నా."

"ఒక్క పాయ మన దిక్కు మళ్లించుకొని పోతే?"

"ఉప్పునీళ్లన్నా."

బదరీనారాయణ నవ్వి దగ్గాడు. "పొద్దున మూటలెత్తినా. ఎడంచెయ్యి రొంత లాగుతాండాది" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు.

ముందున్న విమానం కొంచెం ఒరిగి, తనంతట తానే సర్దుకుని, సూటిగా పోసాగింది. కరెంటు పోయినట్టుంది అనుకున్నాడు సుంకన్న. ఆచారం ప్రకారం నోరు మూసుకుని, రెక్కకు రెక్క ఆనించినంత దగ్గరగా వచ్చాడు. అద్దం వెనక తోలేవాడి బొమ్మ కూర్చునే ఉంది. బదరన్న తల తిప్పితే ఆ బొమ్మ తల తిప్పుతుంది. ఇప్పుడు తిప్పడం లేదు. దూరంగా రెండు శత్రువిమానాలు కనిపించి, ఎందుకో దగ్గరికి రాకుండానే మళ్లిపోయాయి. ఎండ నీళ్లమీద కదలకుండా పరుచుకుని ఉంది.

కుక్కరు విజిలేసింది.

చిన్నక్కను కేకేయబోయి ఆగాడు. చిన్నక్క ఇంట్లో లేదు. తన పొయ్యిమీద ఏమీ లేదు. విజిలు హెడ్‌ఫోన్లలోంచి వచ్చింది. చెవి రిక్కించాడు. దాని వెనక కిర్రు, కిర్రుమని ఇంకో చప్పుడు. బదరన్న గదిలో ఫ్యాను. ఏళ్ల తరబడి విని విని చెవి పట్టించుకోవడం మానేసిన చప్పుడు. కరెంటు పోతే ఫ్యాను ఎట్లా తిరుగుతుంది? కరెంటు పోతే అసలు ఆ ఇంటి చప్పుడు తన దాకా ఎట్లా వస్తుంది?

సుంకన్న మైకును నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"బదరన్నా" అన్నాడు. "అన్నా, పలుకన్నా."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. గట్టిగా అరిచాడు. ఎంత అరిచినా ఆ అరుపు బదరన్న చెవులకున్న హెడ్‌ఫోన్లలో తప్ప ఎక్కడా వినపడదు. ఆ గది గోడవతల బదరన్న పెండ్లాం సుశీలమ్మ గిన్నెలు సర్దుకోవడం ఇతనికి వినిపిస్తోంది. భర్త చెవుల్లో ఒక మనిషి గొంతు చించుకుంటున్న సంగతి ఆమెకు తెలియదు.

బదరన్న నంబరు అతను ఎన్నడూ అడగలేదు. హేమంత్‌కు ఫోన్ చేశాడు.

"సార్, బదరన్నకు ఫోన్ కొట్టు. బిరీన."

"కరెంటు పోయింటుందిలే సుంకన్నా."

"పోలేదు సార్. ఫ్యాను తిరుగుతాండాది."

అవతల హేమంత్ ఇంకేమీ అడగకుండా పెట్టేశాడు.

కాసేపటికి ఆ గదిలో ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. మనిషికి జానెడు దూరంలో మోగుతున్నట్టుంది. సుంకన్న చేతులు ఒళ్లో పడిపోయాయి. తెరమీద రెండు విమానాలూ తోలేవాళ్లు లేకుండానే పక్కపక్కన పోతున్నాయి.

"అంతసేపు కొట్టుకుంటాంటే ఎత్తకూడదా?" సుశీలమ్మ గొంతు దగ్గరికొచ్చింది. "ఇదో, మిమ్మల్నే." ఏదో కిందపడి దొర్లింది. "అమ్మా, అమ్మా" అని సుంకన్న అరిచాడు. చెవి పగిలేంత గరగర, ఆమె హెడ్‌ఫోన్లు తీసుకున్నట్టుంది, ఆ వెంటనే ఆమె ఊపిరి.

"ఎవరు? ఎవరు అరిచేది?"

"సుంకన్ననమ్మా. పక్కింటోళ్లను పిలువు. ఆసుపత్రికి తీసుకపోండి."

"చెయ్యి చల్లగా ఉండాదప్పా." ఆమె గొంతులో ఇంకా ఏడుపు లేదు. "ఏమైంది ఈయనకు? పక్కనే ఉండావు గదా నువ్వు. చెప్పు."

పక్కనే ఉన్నాడు. ఒక్కసారి పిలిచి ఉంటే సరిపోయేది. పిలవకూడదని నోరు కట్టుకుని, చస్తున్న మనిషి పక్కన సముద్రం చూస్తూ పోయాడు.

"కరెంటు పోయిందనుకొంటినమ్మా" అన్నాడు.

ఆమె హెడ్‌ఫోన్లను బల్లమీద పెట్టేసింది. పరుగులు, మంచం ఈడ్చిన చప్పుడు, మనుషులు. ఎవరో పెద్దమనిషి, "లేదులేమ్మా, అయిపోయింది" అన్నాడు. అప్పుడు లేచింది ఏడుపు. బదరన్నను ముందుగదిలోకి మోసుకుపోయారు. ఎవరో ఫ్యాను ఆపారు. కంప్యూటరు సంగతి ఎవరికీ తోచలేదు.

తెరమీద బదరన్న విమానంలో ఇంధనం అయిపోయింది. ముందరి పంకా రెక్కలు మెల్లగా ఆగాయి, ముక్కు కిందికి వాలింది. సుంకన్న మళ్లీ కీబోర్డుమీద చేతులు పెట్టి, దాని వెంటే దిగాడు, నీళ్లదాకా. చిన్న నురుగు లేచి, అదీ అణిగిపోయింది.

ఇక పిలవచ్చు.

"అన్నా" అన్నాడు.

రాప్తాడులో ఎవరూ లేని గదిలో, బల్లమీద పడి ఉన్న హెడ్‌ఫోన్లు ఒక్క క్షణం ఆగి, అతని గొంతుతోనే "అన్నా" అన్నాయి.