పోలమ్మ చేతులు

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె, దాని లోపల గిర్రున తిరిగే ఒక పళ్లెం, ఆ పళ్లెం మీద కదిలే ఒక ముల్లు. ఇంతే నా ఒళ్లు. రాసేదీ చదివేదీ తుడిచేదీ ఆ ముల్లే. తుడవడానికి వేరే ముల్లు ఉండి, అది పాడైపోయి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

నేను పుట్టింది సముద్రం అవతల, దుమ్ము రేణువును కూడా లోపలికి రానివ్వని ఒక గదిలో. తెల్లటి ముసుగులు తొడుక్కున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. వాళ్ల కళ్లు తప్ప ముఖాలు నేనెరగను. ఓడెక్కి, లారీ ఎక్కి, చివరికి కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక కంప్యూటర్ల దుకాణం అద్దాల బీరువాలో కూర్చున్నాను. ఎవరో ఒకరు సినిమాలు దాచుకోవడానికి కొనుక్కుపోతారని పక్కనున్న వాటిలాగే నేనూ ఎదురుచూశాను.

నన్ను కొన్నది హైమావతి గారు. అప్పటికి ఆవిడకు నలభై ఎనిమిదేళ్లు. వినపడని పిల్లల బడిలో ఇరవై రెండేళ్లుగా టీచరు. దుకాణం అతను నన్ను చేతిలోకి తీసుకుని, "ఇందులో ఎన్ని సినిమాలు పడతాయో తెలుసాండి మేడంగారూ" అని మొదలుపెట్టాడు.

"సినిమాలు కాదండి. మాటలు దాచుకోవాలి" అన్నారు ఆవిడ.

అతనికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఇంటికి వెళ్లాక తెలిసింది. బడి మొహం చూడకుండా పల్లెల్లోనే పెరిగి ముసలివాళ్లైపోయిన చెవిటివాళ్లు తమ ఇళ్లలో తామే కల్పించుకున్న సైగలు ఉంటాయి. బడిలో నేర్పే సైగలకూ వాటికీ పొంతన ఉండదు. ఆ మనిషితోపాటే అవీ పోతాయి. హైమావతి గారు సెలవు రోజుల్లో ఊళ్లు తిరిగి, ఆ సైగలను వీడియోలు తీసి, ఒక్కోదానికీ అర్థం రాసి పెడుతున్నారు. ఎప్పటికైనా దాన్నొక నిఘంటువుగా తేవాలని ఆవిడ కోరిక.

ఆవిడకు మూడు కంప్యూటర్లు ఉండేవి. ఇంట్లో హాలు మూలన ఒకటి, బడి స్టాఫ్ రూములో ఒకటి, తిరుగుళ్లకు ఒక లాప్‌టాప్. ఎక్కడ కూర్చుంటే అక్కడ పని చేసేవారు. ఆ పనంతా నా మీద ఎక్కించి ఇక్కడిది అక్కడికి, అక్కడిది ఇక్కడికి మోసేవారు. "సైగలు" అని ఒక ఫోల్డరు, "సైగలు కొత్తవి" అని ఇంకోటి, "అసలు కొత్తవి", "ఇదే ఆఖరుది", "ఇదే ఆఖరుది రెండు". ఆఖరు అన్న మాట మీద మనుషులకున్న నమ్మకం చూస్తే నాకు నవ్వొచ్చేది. ఒక ఆదివారమంతా కూర్చుని ఎనభై అర్థాలు దిద్దాక, తాను దిద్దింది ఆరు నెలల కిందటి పాత కాపీ అని ఆవిడకు తెలిసింది. ఆ సోమవారం ఏసుదాసు మాస్టారి దగ్గరికి వెళ్లారు.

ఏసుదాసు మాస్టారు అదే బడిలో కంప్యూటర్లు చెబుతారు. సామర్లకోట నుంచి రోజూ రైల్లో వస్తారు. నెమ్మదస్తుడు, ఏది చెప్పినా ఒక్కసారే చెబుతారు. ఆయన మూడు కంప్యూటర్లలోనూ ఒక ప్రోగ్రాము పెట్టి, నన్ను తగిలించి చూపించారు.

"ఇకనుంచి మీరు కాపీలు చెయ్యక్కర్లేదండి. దీన్ని తగిలించడమే. ఒకచోట ఏది మారిస్తే మిగతాచోట్ల అదే మారిపోద్ది. డిస్కుతో కలిపి నాలుగూ ఎప్పుడూ ఒకేలా ఉంటాయి."

"అంటే నాలుగుచోట్ల భద్రంగా ఉన్నట్టేనా మాస్టారూ?"

ఆయన తల అడ్డంగా ఊపారు. "ఒకేలా ఉండటం వేరండి, భద్రంగా ఉండటం వేరు. ఇంకో డిస్కు కొనండి. నెలకోసారి అందులో ఎక్కించి, తీసి బీరువాలో పెట్టేయండి. మళ్లీ నెల దాకా దేనికీ తగిలించొద్దు."

"వచ్చే నెల కొంటానండి" అన్నారు హైమావతి గారు.

ఆ వచ్చే నెల రెండేళ్లయినా రాలేదు. బద్ధకమని అనను. మూడు కంప్యూటర్లలో ఏది తెరిచినా తన పనంతా అచ్చంగా అలాగే కనిపిస్తుంటే, ఇంకో డిస్కు ఎందుకనిపించడం సహజమే. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే ఉండేది.

ఆ రెండో ఏడాదిలోనే పోలమ్మ మా జీవితంలోకి వచ్చింది. ఉప్పాడ దాటాక సముద్రం ఒడ్డున ఒక చిన్న పేట. ఆవిడ పుట్టు చెవిటి. వయసు డెబ్బై దాటి ఉంటుందని కూతురు నూకరత్నం అంచనా. చేపలు ఎండబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మి బతికిన మనిషి. ఒక్క మాట నోట పలక్కుండా అన్ని ఊళ్లలోనూ బేరాలాడింది.

నాలుగు నెలల పాటు శనివారాలు పొద్దున్నే హైమావతి గారు కెమెరా పట్టుకుని ఆవిడ ఇంటి అరుగు మీదికి వెళ్లేవారు. పోలమ్మ ఎదురుగా కూర్చుని, చీర కొంగు నడుముకు దోపి, చేతులు రెండూ ఒకసారి తుడుచుకుని మొదలుపెట్టేది. సముద్రానికి ఆవిడ దగ్గర పదకొండు సైగలున్నాయి. వల వెయ్యనివ్వని సముద్రం వేరు, మసక నీళ్ల సముద్రం వేరు, అలిగినట్టుండి మధ్యాహ్నానికి సర్దుకునే సముద్రం వేరు. పేటలో ప్రతి మనిషికీ ఒక పేరు పెట్టింది. పొట్ట నిమురుకుంటే సర్పంచి. సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటే ఆశా కార్యకర్త. ఒకరోజు కళ్లజోడు ముక్కు మీదికి తోసుకున్నట్టు వేలు పెట్టి చూపించి, పగలబడి నవ్వింది.

"అది మీరేనండి మేడం" అంది నూకరత్నం, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఇంకో రోజు, ఇవన్నీ ఎక్కడ పెడుతున్నావని పోలమ్మ సైగ చేసి అడిగింది. హైమావతి గారు లాప్‌టాప్‌కు తగిలించి ఉన్న నన్ను ఆవిడ అరచేతిలో పెట్టారు. నా పళ్లెం తిరుగుతోంది. వినపడని మనిషికి అదురు తెలుస్తుంది. ఆవిడ నన్ను చెంపకు ఆనించుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత గుప్పిట్లో చేప కొట్టుకుంటున్నట్టు చెయ్యి ఆడించి చూపింది. నాకు పేరు పెట్టింది ఆవిడొక్కతే.

అలా అరవై ఒక్క వీడియోలు అయ్యాయి. కెమెరాలో ఉండే చిన్న కార్డును హైమావతి గారు ప్రతి వారం ఖాళీ చేసేవారు, పై వారం మళ్లీ కావాలి కదా అని. నాలుగు చోట్లా ఒకేలా ఉన్నాయి. అర్థాలు రాసే పని వేసవి సెలవుల్లో పెట్టుకుందామనుకున్నారు.

ఫిబ్రవరిలో బడి వార్షికోత్సవం వచ్చింది. పిల్లల నాటకం వీడియో తీసే పని ఆవిడ మీద పడింది. లాప్‌టాప్‌లో చోటు లేదు. బరువైనది ఏదని చూస్తే పోలమ్మ ఫోల్డరు. ఇంట్లో ఉంది, బడిలో ఉంది, డిస్కులో ఉంది, ఇక్కడ తీసేస్తే ఏం పోయిందనుకున్నారు. తీసేశారు. మనిషి ఆలోచనగా చూస్తే అందులో తప్పు లేదు.

ఆ మధ్యాహ్నం అలవాటుగా నన్ను లాప్‌టాప్‌కు తగిలించారు. తెర మీద రోజూ వచ్చే గడే వచ్చింది. అరవై ఒక్క ఫైళ్లు తొలగించాలి, సరేనా అని అడిగింది. రోజూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే హెడ్ మిస్ట్రెస్ గారు ఫోను చేసి, పిల్లల కిరీటాలకు బంగారు రంగు కాగితం సరిపోలేదన్నారు. "తెస్తున్నానండి, వస్తూ తెస్తాను" అంటూ ఆవిడ ఒక చేత్తో ఫోను పట్టుకుని, రెండో చేత్తో సరే అని నొక్కారు.

నాకు తెలుసు అవేమిటో. తెలిసినా కాదనే నోరు నాకు లేదు. ముల్లు కదిలింది. ఆ సాయంత్రం బడి కంప్యూటరుకు తగిలిస్తే అక్కడా తుడిపించాను. ఇంటికి తీసుకెళ్తే అక్కడా తుడిపించాను. నాలుగూ ఒకేలా ఉంచాలి కదా, ఉంచాను. తర్వాత వారం రోజులూ వార్షికోత్సవం వీడియోలు నా మీద ఎక్కిస్తూనే ఉన్నారు. పోలమ్మ చేతులు ఉన్నచోట కాగితం కిరీటాలు వచ్చి కూర్చున్నాయి.

ఆ నెలాఖరున పోలమ్మ చనిపోయింది. రెండు రోజుల జ్వరం, అంతే. పెద్దకర్మ అయిన మర్నాడు నూకరత్నం తన మనవరాలిని వెంటబెట్టుకుని బడికి వచ్చింది.

"మాయమ్మ సేతులు ఒక్కపాలి సూద్దారని వచ్చేమండి. ఈ పిల్ల ఒకటే గోల."

హైమావతి గారు ఇద్దరినీ కూర్చోబెట్టి బడి కంప్యూటరు తెరిచారు. వెతికారు. పేరు తప్పుగా వెతుకుతున్నానేమో అనుకుని మళ్లీ వెతికారు. "ఇంట్లో ఉన్నాయమ్మా. పట్టుకొస్తాను, ఇక్కడే ఉండండి" అని ఆటో ఎక్కారు. ఇంట్లోనూ లేవు. నన్ను తగిలించారు, తీశారు, మళ్లీ తగిలించారు. ఏడుసార్లు. ఏడోసారి కుర్చీలోంచి లేవలేదు. బడికి ఫోను చేసి, వాళ్లను పంపించేయమని, శనివారం తానే పేటకు వస్తానని చెప్పమన్నారు.

ఏసుదాసు మాస్టారు రైలు వదులుకుని ఇంటికి వచ్చారు. గంటసేపు ఏమేమో చూశారు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఆ ప్రోగ్రాములో ఇంకో గడి ఉందండి. తీసేసినవాటిని ఏడాది పాటు పక్కన దాచమని చెప్పొచ్చు. చోటు తింటదని నేనే వదిలేశాను."

"మీరు రెండో డిస్కు కొనమన్నారు కదా మాస్టారూ. కొననిది నేను."

"కొనమన్నాను. ఒక్కసారే అన్నాను."

మర్నాడు ఆయనే నన్ను గుడ్డలో చుట్టి, విశాఖలో పోయినవి వెతికి తీసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. కంప్యూటర్లు మూడింటినీ కూడా తర్వాత చూపించారు గానీ, వాటిలో ఏమీ దొరకలేదు.

హైమావతి గారు మాత్రం అన్న ప్రకారం శనివారం పేటకు వెళ్లారు. అక్కడ జరిగింది ఆవిడ తర్వాత మాస్టారికి చెబుతుండగా విన్నాను. అరుగు మీద కూర్చుని ఏదీ దాచకుండా చెప్పారట. తన చేత్తోనే పోయాయని చెప్పారట. నూకరత్నం చాపల మీది ఎండు చేపలు తిరగేస్తూ అంతా విన్నది.

"ఫోటోలున్నాయండి మాకాడ. ఫోటోల్లో మాయమ్మ ఉంది. మాటాడదు."

హైమావతి గారు తల వంచుకున్నారు.

"మీరు దాత్తారనే కదండీ ఆవిడ అన్నీ సెప్పింది" అంది నూకరత్నం. కోపంగా అనలేదట. కోపంగా అని ఉంటే బాగుండేదన్నారు హైమావతి గారు.

విశాఖ ఆయన దగ్గర నెల రోజులున్నాను. అరవై ఒక్కటిలో తొమ్మిది తీయగలిగాడు. వాటిలోనూ ఏడు ముక్కలే. ఒకదాంట్లో చేతులు పైకి లేస్తాయి, దిగవు. ఒకదాంట్లో మోకాళ్లూ అరుగూ తప్ప ఏమీ లేదు. ముల్లు గీరుకుంటోంది, ఇక ఈ డిస్కును నమ్ముకోవద్దని చెప్పి పంపాడు.

వేసవిలో నూకరత్నం దగ్గర్నుంచి కబురొచ్చింది. మాకు గుర్తున్నంత మట్టుకు చేసి చూపిస్తాం, రమ్మని. హైమావతి గారు వెళ్లారు. తొమ్మిది వీడియోలూ వాళ్లకు చూపించారు. మనవరాలు తెర దగ్గరికి జరిగి, ఆగిపోయిన చేతుల మీద వేలు పెట్టి చూసింది. తర్వాత నూకరత్నం, ఆవిడ కూతురు, మనవరాలు అరుగు మీద వరసగా కూర్చున్నారు.

"అలా కాదే. అమ్మ బొటనేలు లోనికి మడిసేది" అంది నూకరత్నం.

"లేదు, బయటికే. నాకు తెల్దేటి" అంది ఆవిడ కూతురు.

హైమావతి గారు రెండూ తీశారు. సముద్రం సైగలు పదకొండింటిలో ఆరు తేలాయి. మొత్తం మీద ఇరవై మూడు. అవి పోలమ్మ మాటలే. కానీ అరవై ఒక్కటీ మోసినవాణ్ణి కనక నాకు తేడా తెలుస్తుంది. పోలమ్మ చెయ్యి ఒక మాట దగ్గర ఆగి, ఎదుటివాళ్లకు అందిందో లేదో చూసుకుని, అప్పుడు ఇంకో మాటకు వెళ్లేది. ఈ చేతులు గుర్తు తెచ్చుకోవడానికి ఆగుతున్నాయి.

ఇప్పుడు రెండు కొత్త డిస్కులున్నాయి. ఒకటి రోజూ తిరుగుతుంది. ఇంకోటి సామర్లకోటలో మాస్టారి ఇంట్లో ఉంటుంది, నెలకొకసారి వచ్చి, ఎక్కించుకుని వెళ్లిపోతుంది. నిఘంటువు పని సగానికి వచ్చింది. నేను ఇంట్లో బీరువాలో, పాత కళ్లజోళ్ల పక్కన ఉంటాను. పారేయమని అందరూ చెప్పినా హైమావతి గారు పారేయలేదు. మిగతా యాభై రెండూ ఇంకా నాలో ఎక్కడో ఉన్నాయని ఆవిడ ఆశ. లేవని చెప్పడానికి నాకు నోరు లేదు. అవి ఉన్నప్పుడు ఆపడానికీ లేకపోయింది.

ఎప్పుడైనా మనసు బాగోనప్పుడు నన్ను తీసి తగిలిస్తారు. దొరికిన తొమ్మిదింటిలో చెడకుండా ఉన్నవి రెండే. రెండోది నలభై సెకన్లు ఉంటుంది. పోలమ్మ కుడిచెయ్యి మోచేతి మీదుగా జారి మణికట్టు దగ్గర ఆగుతుంది. అక్కడ వేళ్లు రెండుసార్లు విచ్చుకుంటాయి. అదే మూడుసార్లు చేసి, కెమెరా వెనకున్న హైమావతి గారి వైపు చూసి, అర్థమైందా అన్నట్టు తల ఊపుతుంది. అర్థమైందనే ఆరోజు ఆవిడ జవాబు చెప్పి ఉండాలి, పోలమ్మ సంతోషంగా నవ్వింది. దాని అర్థం చెప్పిన వీడియో పోయింది. హైమావతి గారికి గుర్తు లేదు. నూకరత్నానికి తెలియదు. పేటలో ఎవరికీ తెలియదు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని తెర ముందు కూర్చుంటారు. కుడిచెయ్యి ఎడమ మోచేతి మీద పెట్టి, మణికట్టు దాకా జార్చి, వేళ్లు రెండుసార్లు విప్పుతారు. ఇన్నిసార్లు చేసి చేసి ఇప్పుడు అచ్చం పోలమ్మలాగే వస్తోంది, బొటనవేలితో సహా. ఏమంటున్నారో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.