చేపల పురిటిగది

మనుషుల క్షేమం కనుక్కోవడానికి ఫోన్ ఉంది. చేపల క్షేమం ఎలా కనుక్కోవాలి? ఈ ఒక్క సంగతి తేల్చుకోవడానికి నేను నెల రోజుల సెలవంతా తగలేశాను.

కరగందా ఊళ్ళో నాలుగో అంతస్తులో నాది రెండు గదుల ఇల్లు. ఒక నెల అక్కడుంటాను, మరో నెల కాస్పియన్ సముద్రం వైపు ఎడారిలో, చమురు బావుల క్యాంపులో రొట్టెలు కాలుస్తాను. ఇంట్లో నాకు తోడు పెద్ద అక్వేరియం. అందులో పళ్ళేల్లా గుండ్రంగా ఉండే డిస్కస్ చేపలు ఆరు ఉండేవి. పోయిన శీతాకాలం ఒక పూట కరెంటు పోయి నీళ్ళు చల్లబడి నాలుగు చచ్చిపోయాయి. నేను క్యాంపు నుంచి తిరిగొచ్చేదాకా ఆ సంగతే నాకు తెలియదు. మిగిలింది ఒక జత.

అందుకే రెండు కెమెరాలు కొన్నాను. వాటిని బిగించడం చేపల్ని పెంచడం కంటే కష్టమని అప్పుడు తెలిసింది. ఎదురుగా పెడితే చేపలకు బదులు అద్దంలో నా సోఫా, దాని మీద ఆరేసిన గౌను కనిపించాయి. దగ్గరగా పెడితే కెమెరాకి ఆవిరి పట్టింది. చివరికి అక్వేరియం ముందు నల్లగుడ్డ పందిరిలా కట్టి, దీపం స్టాండుకి ఒక కెమెరాను టేపుతో చుట్టాను. రెండోదాన్ని థర్మామీటర్ వైపు తిప్పాను. ఏదైనా కదిలితే ఫోన్ మోగేలా కూడా పెట్టాను. చేపలన్నాక కదలకుండా ఉంటాయా? ఒక్క పూటలో మూడు వందల సార్లు మోగింది. నా తెలివికి నేనే చెంపలేసుకుని అది ఆపేశాను.

అంతా సర్ది, రేపు రైలెక్కాలనగా ఆడచేప బోర్లించిన మట్టికుండ మీద గుడ్లు పెట్టింది.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మూడేళ్ళలో అయిదు సార్లు గుడ్లు పెట్టింది, అయిదు సార్లూ మగది మింగేసింది. గుడ్లు పగిలాక పిల్లలు రెండు మూడు రోజులు కుండకే వేలాడతాయి. ఆ తర్వాత ఈదుకుంటూ పోయి అమ్మానాన్నల ఒంటికి అతుక్కుని, ఆ ఒంటి జిగురు తిని బతకాలి. మా ఇంట్లో ఒక్క కాన్పూ అంతదాకా రాలేదు. ఇప్పుడు జతకి ఏదైనా అయితే ఇక ఆ ఆశ కూడా లేదు.

ఎదురింటి కుమిస్ అప చేతికి తాళం ఇచ్చాను. పెద్దావిడల్ని మేం అప అని పిలుస్తాం. ఆవిడ పురిటి ఆసుపత్రిలో నలభై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యింది.

“రోజుకి రెండు చిటికెలు మేత అపా. నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టె ముక్కలు మాత్రం వెయ్యకు.”

“నోరు తెరుచుకుని అద్దం దాకా వస్తే, రొట్టె రుచి చూపించకుండా ఎలా పంపిస్తానే?”

“అవి ఎక్కడికీ పోవట్లేదు అపా!”

“సర్లే. సగం ఊరిని ఈ చేతుల్తోనే భూమ్మీదికి తెచ్చా. నాకు చెప్పొచ్చావు,” అని తాళం జేబులో వేసుకుంది.

క్యాంపులో వైఫై అందేది ఒక్క పిండి గదిలోనే. బస్తాల మధ్య కూర్చుని ఫోన్ చూస్తుంటే భోజనాల వరసలోంచి ఒక్కొక్కరే వచ్చి నా భుజం మీదుగా తొంగిచూడటం మొదలుపెట్టారు. గుడ్లు పెట్టిన నాలుగో రోజు కుండ మీద ఏదో సన్నగా వణికింది. గుడ్లు పగిలాయి! ఆరు అడుగుల డ్రిల్లింగు మనుషులు చప్పట్లు కొట్టారు. మగది మింగుతుందని కొందరు, మింగదని కొందరు పందేలు కూడా కాశారు.

ఆరో రోజు మధ్యాహ్నం తెర నల్లబడింది. రెండో కెమెరా నొక్కాను. అదీ నలుపే.

 కరగందాలో ఆ రోజు సున్నాకి కింద ముప్ఫై రెండు డిగ్రీల చలి. కరెంటు పోయి ఉంటుంది, హీటర్ ఆగి ఉంటుంది, నీళ్ళు ఈపాటికి చల్లబడుతూ ఉంటాయి. కుమిస్ అపకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పదకొండు సార్లు చేశాను. పొయ్యి మీద రొట్టెలు మాడుతున్న వాసన వస్తున్నా లేవలేదు.

“కరెంటు పోతే వైఫై కూడా పోవాలి కదక్కా,” అన్నాడు ఎలక్ట్రీషియన్ ఒరజ్‌బాయ్, ఫోన్ లాక్కుని. “ఇదేమో కనెక్షన్ ఉందంటోంది. ఉండు, శబ్దం పెడతా.”

పిండి గదిలో ఏడుగురం ఫోన్ మీదికి వంగాం. ముందు బుడబుడమని ఫిల్టర్ చప్పుడు. ఫిల్టర్ తిరుగుతోందంటే కరెంటు ఉన్నట్టే! ఆ చప్పుడు వెనకే సన్నగా, ఎవరో జోల పాడుతున్నారు.

“ఇక్కడ నొక్కి మాట్లాడక్కా. అవతల వినిపిస్తుంది.”

“కుమిస్ అపా!” అని అరిచాను.

గరిటో గ్లాసో కింద పడింది. “యా అల్లా! చేప పిలుస్తోంది!”

“చేప కాదు, నేను, రౌషన్ని! కెమెరాలు ఎందుకు నల్లబడ్డాయి?”

“మేజోళ్ళు తొడిగా.”

“ఏం తొడిగావ్?”

“మా ఆయన ఉన్ని మేజోళ్ళు. మందంగా ఉంటాయి.” తర్వాత గొంతు తగ్గించింది. “పిల్లలు పొద్దున్నే కుండ వదిలేశాయే. నలభై రోజులు వెళ్ళకుండా పసివాళ్ళని ఎవరైనా ఊరందరికీ చూపిస్తారా? ఆ రెండు కళ్ళూ రెప్ప వెయ్యకుండా చూస్తున్నాయి. దిష్టి తగలదూ?”

నవ్వు, ఏడుపు కలిసి వచ్చేశాయి. ముక్కు తుడుచుకున్నాను. పిండి మొహమంతా అయ్యింది.

“ఫోన్ ఎందుకు ఎత్తలేదు అపా? ప్రాణం పోయింది నాకు!”

“ఎత్తితే అడుగుతావు. అడిగితే చెప్పాలి. నాకు అబద్ధం రాదు.”

“థర్మామీటర్ కెమెరాకి కూడా ఎందుకు?”

“అదీ కన్నేగా.”

“అది థర్మామీటర్నే చూస్తుంది!”

“పక్కచూపు చూడదని ఏంటి నమ్మకం? ముప్ఫై ఉంది, చూశాలే. మేత పెట్టా. బౌర్సాక్ పెట్టలేదు.”

“ఎన్ని పిల్లలు అపా?”

“పసివాళ్ళని లెక్కపెడతారుటే!”

“నలభై రోజులు నిండకముందే నేనే ఇంటికొచ్చేస్తా. ఇంక ఈ కెమెరాలు ఎందుకు?”

“నేనూ అదే అడుగుతున్నా.”

ఒరజ్‌బాయ్ పకపకా నవ్వాడు. 

“ఎవరది? మగ గొంతు?” గొంతు పెంచి, “నువ్వంటే తల్లివి. తల్లి చూడొచ్చు. వాళ్ళని బయటికి పొమ్మను,” అంది కుమిస్ అప.

ఏడుగురిలో ఆరుగుర్ని అట్లకాడతో తరిమి తలుపు గడియ పెట్టాను. తెర మీద ఉన్ని దారాలు కదిలాయి, వెలుగు వచ్చింది.

ముందు మగది కనిపించింది, అయిదు కాన్పులు మింగిన దుర్మార్గుడు. వాడి ఒంటికి రెండు వైపులా జీలకర్ర అద్దినట్టు పిల్లలు అంటుకుని ఉన్నాయి. వాడు రెక్కలు కూడా గట్టిగా ఆడించకుండా, ఉన్నచోటనే నిలబడి ఉన్నాడు. కాసేపటికి ఆడది దగ్గరికొచ్చింది. జీలకర్ర సగం అటు దూకింది. మూడేళ్ళుగా దీనికోసమే చూస్తున్నాను. ఎంత హాయిగా ఉందో ఎవరికి చెప్పను?

“ముద్దుగా ఉన్నాయని మాత్రం అనకు,” అంది అప.

“నల్లగా, వికారంగా ఉన్నాయి అపా. థూ, థూ.”

“అలా చెప్పు, నా తల్లే.”

తలుపు చప్పుడైంది. “అక్కా, మాకు చూపించవా?” తలుపు సందులోంచి ఒరజ్‌బాయ్ కన్ను ఒకటి లోపలికి చూస్తోంది. ఆలోచించకుండానే నా అరచెయ్యి తెరని కప్పేసింది.

“అపా, తొడిగెయ్,” అన్నాను. “రెండోదానికి కూడా.”

బయటికి రాగానే అందరూ చుట్టుముట్టారు. ఏం కనిపించిందని అడిగారు. ఏమీ లేదు, అంతా చీకటి అని చెప్పాను. ఆ పూట, మా ఇళ్ళల్లో బిడ్డ పుడితే చేసినట్టు, బౌర్సాక్‌లు రెండింతలు వేయించాను. ఎందుకని అడిగిన ఎవరికీ చెప్పలేదు.