చెవిలో చెప్పిన మాట

ముక్కులు తుడవడం అయింది, బూట్ల లేసులు కట్టడం మిగిలింది. గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని టీచర్ ఒక్కొక్క చిన్న కాలినే ఒళ్ళోకి తీసుకుంటోంది. జుట్టు సగం నెరిసింది. కూర్చుంటే లేవడం కష్టం, లేస్తే కూర్చోవడం కష్టం. బట్టల మీద పిల్లల రంగు వేలిముద్రలు ఎంత ఉతికినా పోవు.

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో పెద్ద తరగతులకు లెక్కలు చెప్పాలని ఆశపడింది. దొరికింది ఈ చిన్నపిల్లల బడి. ముక్కులు తుడవడానికి ఇంత చదువెందుకని చుట్టాలు ఆట పట్టించారు. మొదట్లో ఆమెకూ నామోషీగానే ఉండేది. టీచర్‌నని చెప్పేది గాని, ఏ క్లాసుకో చెప్పేది కాదు. పిల్లలచేత పాటలు గొంతెత్తి వల్లె వేయించి తల్లిదండ్రుల మెప్పు పొందేది. ఆ గోలలో కొందరు గొంతు కలపకుండా భయంతో పెదవులు మాత్రం కదుపుతున్నారని ఒకరోజు గమనించింది. వల్లెవేత ఆ రోజుతో ఆగిపోయింది. పిల్లల నోట్లోంచి మాట లాగకూడదు, అది వచ్చేదాకా పక్కన కూర్చోవాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె నేర్చుకున్నదల్లా ఇదేననీ, ఇది చాలుననీ అనుకునేది.

ఆ ఉదయం చివరి కాలు ‘పిట్ట’ది. ఆ ముద్దుపేరు అమ్మమ్మ పెట్టింది. ఇంట్లో ఆ పిల్ల నోరు మూతపడదట. బళ్ళో మాత్రం చేరిన నాటినుంచీ ఒక్క ముక్క మాట్లాడలేదు. దీని మాటలన్నీ ఇంట్లోనే అయిపోతాయి కాబోలని ఆయా నవ్వితే, టీచర్ ఆవిణ్ణి పక్కకి పిలిచి మందలించింది. పిట్టకు ఇది బళ్ళో ఆఖరి రోజు. తల్లికి వేరే ఊళ్ళో పని దొరికింది, సాయంత్రమే ప్రయాణం.

లేసు బిగిస్తున్న టీచర్ మెడ చుట్టూ పిట్ట చేతులు వేసింది. చెవికి వెచ్చగా ఊపిరి తగిలింది.

“మా పిల్లి పిల్లల్ని పెట్టింది.”

అంతే. టీచర్ కదల్లేదు. తలెత్తి చూస్తే ఆ మాట బెదిరి పారిపోతుందేమోనని లేసు వంకే చూస్తూ, “అలాగా,” అని ఊరుకుంది. కళ్ళు మాత్రం చెమర్చాయి.

ఆ పూట కాబోయే టీచర్లు క్లాసు చూడటానికి వచ్చారు. గోడవారన బారుగా నిలబడ్డారు. వాళ్ళని తీసుకొచ్చిన లెక్చరర్, మీ పద్ధతి గురించి మా పిల్లలకు నాలుగు మాటలు చెప్పండని అడిగింది. టీచర్ చెప్పింది. బలవంతం చేయొద్దంది, ఎదురుచూడమంది. వాళ్ళు తలలూపుతూ వింటుంటే ఆమె గొంతు ఊపందుకుంది. పిట్టను చూపించి, ఇన్నాళ్ళూ పెదవి విప్పని ఈ పిల్ల ఇవాళ నాతో మాట్లాడిందని చెప్పింది. అక్కడ ఆగితే పోయేది. ఆగలేదు. రేపటినుంచి ఈ పిల్ల ఉండదు, ఈ మాటకు ఇంకో సాక్షి ఉండడు.

“ఏదీ నాన్నా, పొద్దున నాకు చెప్పావే, అందరికీ ఒకసారి గట్టిగా చెప్పు.”

పిట్ట ఆమె ముఖంలోకి చూసింది. టీచర్ ఆ చిన్న భుజం పట్టుకుని ముందుకు జరిపింది, మెత్తగానే. “చెప్పమ్మా, మీ పిల్లి...”

పిట్ట కాళ్ళ మధ్యనుంచి నీరు జారి బూట్లు తడిపి నేల మీద మడుగు కట్టింది. గోడ దగ్గర ఒకమ్మాయి కిసుక్కున నవ్వి ఆపుకుంది. ఆయా గుడ్డ తెచ్చింది.

మధ్యాహ్నం పిట్టను తీసుకెళ్ళడానికి అమ్మమ్మ వచ్చి, మనవరాలి ఒంటి మీద బడివాళ్ళ గౌను చూసి ఏమైందని అడిగింది. నీళ్ళ సీసా ఒలికిందని టీచర్ చెప్పింది. మాట తడుముకోకుండా వచ్చేసింది. పిట్ట తలెత్తి చూసింది. ఆయా చీపురు తీసుకుని పక్కకి వెళ్ళిపోయింది.

తర్వాత మిగతా పిల్లలు నిద్రపోతుంటే టీచర్ తడిసిన గౌను ఉతికి ఆరేసింది. ఆమెకు తల కొట్టేసినట్టుంది. ఆ నవ్వినమ్మాయి మీద కోపం తెచ్చుకోబోయింది, రాలేదు. ఏ పిల్లా ఆమె ముందు భయపడదని ఊరంతా అనేవాళ్ళు. ఆమె కూడా నమ్మింది.

బడి వదలగానే గౌను మడిచి పట్టుకుని పిట్ట ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. వాకిట్లో వ్యాను ఆగి ఉంది, పరుపులు ఎక్కిస్తున్నారు. అమ్మమ్మ ఆమె ఆయాసం చూసి, సర్దగా మిగిలిన గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

“అమ్మమ్మగారూ, సీసా ఒలకలేదు. అబద్ధం చెప్పాను. అందరి ముందూ మాట్లాడమని నేనే నిలబెట్టాను, భయపడి తడుపుకుంది.”

“పిల్లలన్నాక తడుపుకోరా? దీనికోసం ఇంత దూరం వచ్చారా టీచరమ్మా?” అని ఆవిడ నవ్వేసింది. ఆ నవ్వు టీచర్‌కు తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. క్షమించాల్సింది ఆవిడ కాదు.

తల్లి వెనక నక్కి ఉంది పిట్ట. టీచర్ మోకాళ్ళ మీద కూర్చుంది.

“నువ్వు నా ఒక్కదానికే చెప్పావు. నేను అందరి ముందూ అడిగాను. తప్పు నాదే, నీది కాదు.”

పిట్ట గట్టిగా తల్లి బట్టలు పట్టుకుంది. తల్లి మొహమాటపడి ఆ చెయ్యి విడిపిస్తూ, “పర్లేదని చెప్పవే టీచర్‌కి. చెప్పు,” అంది.

“వద్దమ్మా, అడక్కండి,” అంది టీచర్.

డ్రైవరు హారన్ కొట్టాడు. తల్లి గౌను అందుకుని సంచిలో కుక్కింది. అమ్మమ్మ తలుపుకు తాళం వేసి ముందు సీట్లో కూర్చుంది. వ్యాను మలుపు తిరిగేదాకా పిట్ట మొహం కిటికీలో కనిపించింది. నవ్వలేదు, చెయ్యి ఊపలేదు.

తన చేతిలో బరువేమిటా అని చూసుకుంది టీచర్. వీధి ఖాళీగా ఉంది. కాసేపు నిలబడి, చేతిలోది కిటికీ గట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది. మూసిన తలుపు పక్కన, ఒక్క గుక్కైనా తాగని నీళ్ళతో, అమ్మమ్మ స్టీలు గ్లాసు.