అద్దంలో కనిపించకపోతే

నిన్న డ్వేన్ ట్రైలర్‌ని వెనక్కి నడుపుతుంటే ట్వైలా కుర్చీ దాని వెనక చక్రాల కింద పడి అప్పడంలా అయిపోయింది. అంతకు కాసేపటి ముందు ట్వైలా అందులోనే కాళ్ళు చాపుకుని బీరు తాగుతోంది. నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు మాడుతున్న వాసన వచ్చి లేచింది కాబట్టి సరిపోయింది. లేకపోతే? ఆ "లేకపోతే" దగ్గరే మార్లిస్ మనసు ఆగిపోయింది, మరి ముందుకు కదల్లేదు.

"నా కుర్చీ నిన్నేం చేసింది డ్వేన్? మొగుడు పోయినదాన్ని గదా, నన్నూ ఆయన దగ్గరికి పంపేద్దామనుకున్నావా?" అని ట్వైలా పగలబడి నవ్వింది. చిన్న ట్రైలర్ వేసుకుని ఒంటరిగా ఊళ్ళు తిరిగే మనిషి. క్యాంపులో డ్వేన్ వాళ్ళ పక్క స్థలం ఆమెదే.

"పొగ తల్లీ, పొగ! ఈ పొగలో నా ముక్కు నాకే కనిపించడం లేదు," అన్నాడు డ్వేన్. అని, పెళ్ళాం మార్లిస్ వైపు తిరిగి, "నువ్వు చెప్పొద్దూ?" అన్నాడు.

చెప్పొద్దూ అట! తను చెయ్యి ఊడిపోయేలా ఊపింది. వెనక నిలబడి దారి చెప్పే వాకీటాకీలో తన గొంతు ఆ క్షణంలో తెగిపోయిన మాట నిజమే. కానీ దానికోసమే కదా వాళ్ళకో కట్టుబాటు ఉంది, అదీ డ్వేన్ పెట్టిందే. ట్రైలర్ కొన్న మొదటి రోజునే వేలు చూపించి మరీ చెప్పాడు: "ఈ రేడియో ఎప్పుడైనా మొరాయిస్తుంది. నీ నోరు ఏం చెప్పినా సరే, నాకు నీ చెయ్యే లెక్క. అరచెయ్యి ఎత్తావా, ఆగిపోతాను. అద్దంలో నువ్వు కనిపించలేదా, అప్పుడూ ఆగిపోతాను." ఆ మాట మీద రెండేళ్ళుగా ఆమె ఆ బండి వెనకాల నిర్భయంగా నిలబడుతోంది.

మరి నిన్న ఆగలేదేం?

పొగ నిజమే, కాదనడానికి లేదు. కొండకి అవతలి పక్క అడవి అంటుకుంది. పట్టపగలు సూర్యుడు ఉడకబెట్టిన బీట్‌రూట్ ముక్కలా ఎర్రగా వేలాడుతున్నాడు. ట్రక్కు మీద, బల్ల మీద, కాఫీ కప్పులో కూడా బూడిద రాలుతోంది. ఎవరిని కదిపినా "ఏమీ కనపడటం లేదు" అనేవాళ్ళే. డ్వేన్ కూడా అదే అంటున్నాడు. అందరిలోకీ హుషారుగా అంటున్నది అతనే. అదే మార్లిస్‌కి మింగుడు పడలేదు.

పొద్దున్నే ఆమె లోపలికి వెళ్ళి కాఫీ పెట్టింది. లోపల అంటే ఇల్లే. ముప్ఫై నాలుగడుగుల ట్రైలర్, అందులో పడకగది, పొయ్యి, ఫ్రిజ్, అమ్మ ఇచ్చిన పూల పింగాణీ పళ్ళాలు కుదుపుకి పగలకుండా తువ్వాళ్ళ మధ్య. నెబ్రాస్కాలో ఇల్లు అమ్మేసి దీన్ని కొన్నారు. ఇది తప్ప వాళ్ళకి ఈ భూమ్మీద గజం స్థలం లేదు. ట్రక్కుతో లాగేది డ్వేన్. స్టీరింగు మాత్రం మార్లిస్‌ని ఒక్కనాడూ పట్టనివ్వలేదు. "నీ చేతికిస్తే మన ఇల్లు తీసుకెళ్ళి కాలవలో పడుకోబెడతావు పిల్లా," అని నవ్వేవాడు. ఆమె కూడా పోనీలే, నాకెందుకొచ్చిన గోల అని ఊరుకుంది. ఇప్పుడనిపిస్తోంది, ఎందుకు ఊరుకున్నానూ అని.

ఇంకొకటి ఉంది. మంచు కరిగిన దగ్గర్నుంచీ మొగుడు ఆమె మొహంలోకి చూడటం మానేశాడు. మాట్లాడేటప్పుడు చెవి వైపో భుజం వైపో చూస్తాడు. మొదట్లో కోపమేమో అనుకుంది. తర్వాత, ఈ వయసులో నా మొహం చూడబుద్ధి కావడం లేదేమో అనుకుంది. ఆ రోజు స్నానాల గదిలో పంపు తిప్పుకుని ఏడ్చింది కూడా. దారిలో మాత్రం ఎక్కడలేని ముచ్చట్లు పెట్టేవాడు. "ఆ బోర్డు మీద ఏముందో చదువు చూద్దాం. ముందు లారీ ఏం రంగో చెప్పు." పసిపిల్లల ఆట ఆడుతున్నాడని మురిసిపోయింది, వెర్రిది.

కాఫీ పొంగుతుండగా అటవీ శాఖ ఉద్యోగిని తలుపు కొట్టింది. టోపీ మీద, భుజాల మీద అంతా బూడిదే.

"మధ్యాహ్నంలోపు అందరూ ఖాళీ చెయ్యాలండీ. గాలి ఇటు తిరిగింది. కిందికి ఉన్నది ఒక్కటే దారి. నిట్టనిలువు దిగుడు, మలుపులు. ట్రైలర్లు లాగేవాళ్ళు చిన్న గేరులో, నెమ్మదిగా వెళ్ళండి. ఎదురుగా ఫైరింజన్లు వస్తుంటాయి, జాగ్రత్త."

"మా ఆయనకి ఇలాంటి దిగుళ్ళు కొట్టిన పిండి," అంది మార్లిస్. అంటూనే, నుజ్జయిన ట్వైలా కుర్చీ వైపు చూసింది.

ఎదురు స్థలంలో ఒక కుటుంబం డేరా మడుస్తోంది. కారులో వెనక సీటు నిండా పిల్లలు. వీళ్ళందరూ ఆ దిగుడులో తమ ట్రక్కుకి ముందో వెనకో ఉంటారు. అటు చూసి మార్లిస్ ఒక నిర్ణయానికి వచ్చింది.

బయల్దేరాలంటే ముందు ట్రక్కుని ట్రైలర్‌కి తగిలించాలి. ట్రక్కు వెనకనున్న ఇనప బంతి సరిగ్గా ట్రైలర్ మూతి కిందికి వచ్చేలా డ్వేన్ వెనక్కి నడపాలి, ఆమె పక్కన నిలబడి చెప్పాలి. వెనక కెమెరాల్లాంటి సోకులేవీ లేని పాత ట్రక్కది. మార్లిస్ తెల్ల తువ్వాలు తడిపి తలకీ ముక్కుకీ చుట్టుకుంది. వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. వెళ్ళి, డ్రైవరు వైపు అద్దంలో నిండుగా కనిపించే చోట, ట్రక్కు మూల వచ్చి తగిలే చోట నిలబడింది.

"రా," అంది. ట్రక్కు కదిలింది.

అప్పుడు రెండో చెయ్యి తలపైకెత్తి అరచెయ్యి చాపింది.

"రా, రా, ఇంకా రా," అంటోంది నోరు. ఆగు, ఆగు అంటోంది చెయ్యి. ఆగరా భగవంతుడా అంటోంది గుండె. అద్దంలో డ్వేన్ మొహం ఆమెకి స్పష్టంగా కనిపిస్తోంది. అతను అద్దంలోకే చూస్తున్నాడు, సూటిగా ఆమె వైపే. చూస్తూనే వస్తున్నాడు. టైరు కింద కంకర కరకరలాడింది. ఇనప మూల ఆమె మోకాలి దగ్గరికొచ్చింది.

"రా," అంది, ఏడుపు గొంతుతో.

వచ్చాడు. చివరి క్షణంలో పక్కకి దూకింది. ట్రక్కు వెళ్ళి ట్రైలర్ మూతిని ఠంగుమని గుద్దింది. లోపల పింగాణీ పళ్ళాలు గలగలమన్నాయి.

డ్వేన్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఏమైంది? దూరం సరిగ్గా చెప్పొద్దూ?"

"నేను కనిపించానా నీకు?"

"కనిపించకేం? ఎర్రటోపీ పెట్టుకుని దీపస్తంభంలా నిలబడ్డావుగా."

ఆమె రోజూ పెట్టుకునే ఎర్రటోపీ ట్రైలర్ తలుపు వెనక మేకుకి వేలాడుతోంది.

మార్లిస్ కిటికీ దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపితే అందేంత దగ్గరికి. "నా నెత్తిమీద ఏముందో ఇప్పుడు చెప్పు."

డ్వేన్ ఆమె చెవి వైపు చూశాడు. భుజం వైపు చూశాడు. స్టీరింగు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మంచు కరిగినప్పట్నుంచి." అన్నాడు డ్వేన్. "చుట్టూరా బాగానే కనిపిస్తుంది మార్లిస్. రోడ్డు అంచులు, చెట్లు, గీతలు, అన్నీ. కానీ ఎటు సూటిగా చూస్తే అదే మాయం. అక్కడంతా బూడిద రంగు మచ్చ. బోర్డు చూస్తే బోర్డు లేదు. నిన్ను చూస్తే నువ్వు లేవు."

"డాక్టరుకి చూపించుకోవడానికేం రోగం?"

"చూపిస్తే లైసెన్సు లాక్కుంటాడు. ఆ తర్వాత మనమెవరం? ఏదో ఖాళీ స్థలంలో ఆగిపోయిన ఇద్దరు ముసలాళ్ళం."

"నోర్ముయ్!" అని అరిచింది మార్లిస్. పెళ్ళయ్యాక అంత గట్టిగా అరవడం ఇదే మొదటిసారి. "ట్వైలాని చంపేసేవాడివి! నన్ను ఇప్పుడు చంపేసేవాడివి! చెయ్యి ఎత్తి నిలబడ్డానురా, చెయ్యే లెక్క అన్నావుగా!"

డ్వేన్ తల వాల్చేశాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు. "ఈ ఒక్క దిగుడు. ఇది దిగాక ఎవరికైనా అమ్మేద్దాం. నువ్వు చెప్తూ ఉండు, నేను తిప్పుతుంటాను. నెబ్రాస్కా నుంచి ఇంతదాకా అలాగేగా వచ్చాం?"

ఆ మాటతో మార్లిస్‌కి అంతా తెలిసిపోయింది. బోర్డులు చదివిన ఆట, లారీ రంగుల ఆట. బళ్ళ బారులు, బడి బస్సులు, వంతెనలు. అన్నింటి పక్కనుంచీ చూపులేని బండిని తన నోటితో తోలుకొచ్చింది, ఊసుపోక కబుర్లు చెబుతున్నాననుకుంటూ.

ట్వైలా ట్రైలర్ తగిలించుకుని పక్కకొచ్చి హారన్ కొట్టింది. "ఏం సరసాలు ఈ వేళప్పుడు? కొండ కాలిపోతోంది, కదలండి!" అని, వాళ్ళ మొహాలు చూసి నవ్వు ఆపేసింది. డ్వేన్ మొహం, మార్లిస్ కన్నీళ్ళు, గుద్దుకున్న ఇనుము, అన్నీ చూసింది. గొంతు తగ్గించింది. "ఇది వదిలేసి నా బండెక్కండమ్మా. ఇనుమే కదా. కాలితే కాలుతుంది."

మార్లిస్ ట్రైలర్ వైపు చూసింది. కిటికీలో తను కుట్టిన తెర. పళ్ళాలు. మంచం. వెనకాల కొండ నెత్తిన ఒక ఎర్రటి గీత, ఇందాక లేనిది.

"పక్కకి జరుగు," అంది డ్వేన్‌తో.

"నీకు రాదు."

"నీకు కనిపించదు. జరుగు."

"ఒసేయ్, నీకేమన్నా పిచ్చా?" అంది ట్వైలా. ఆపలేనని తెలిశాక, "నా వెనకే రా. నా బ్రేకు దీపాలు వెలిగితే నువ్వూ తగ్గించు. నన్ను దాటొద్దు, అర్థమైందా?" అంది.

మార్లిస్ ట్రక్కుని ముందుకి తీసి, మెల్లగా వెనక్కి తెచ్చింది. డ్వేన్ దిగి మోకాళ్ళ మీద కూర్చుని బంతిని తడిమి, మూతిని దించి, పిన్ను పెట్టి, గొలుసులు అడ్డంగా తగిలించాడు. వేళ్ళు ఒక్కచోట కూడా తడబడలేదు. ఇన్నాళ్ళూ ఆ పని కళ్ళతో చెయ్యడం లేదని ఆమెకి అప్పుడు తెలిసింది.

దిగుడు మొదలైంది. పొగలో ట్వైలా బండి దీపాలు రెండు, ఎర్రగా. వాటి అవతల ఏమీ లేదు. కుడివైపు అంచు, అంచు కింద పైన్ చెట్ల కొనలు. వెనకాల ఇల్లంత బరువు వీపు మీద చెయ్యి పెట్టి నెడుతోంది. మార్లిస్ ఆ బరువు ఇంతుంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"చిన్న గేరే ఉంచు. బ్రేకు మీద కాలు అలా పెట్టి ఉంచకు, బ్రేకులు మాడిపోతాయి. నొక్కు, వదులు. నొక్కు, వదులు," అంటున్నాడు డ్వేన్.

"ఏదో వాసన వస్తోంది. మనదేనా?"

డ్వేన్ ముక్కు ఎగబీల్చాడు. "మనదే. కాలు తియ్యి."

"తీస్తే పరిగెడుతోంది!"

"పరిగెత్తనీ కాస్త. ఇంజన్ ఆపుతుంది. తియ్యి."

తీసింది. ఇంజన్ రొద పెంచి బండిని పట్టుకుంది. అప్పుడే ఎదురుగా పొగలోంచి ఫైరింజన్లు ఒకదాని వెనక ఒకటి, రోడ్డంతా తమదే అన్నట్టు దూసుకొచ్చాయి. వాటి గాలి దెబ్బకి ట్రైలర్ తోక అటు ఊగింది. ఇటు ఊగింది. మళ్ళీ అటు, ఈసారి ఇంకా ఎక్కువగా. ట్రక్కు వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తోంది. మార్లిస్ కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయింది.

"వద్దు! దాన్ని తొక్కావా పల్టీ కొడతాం! మోకాలి దగ్గర పెట్టె, దాని మీద చిన్న పిడి. అది ట్రైలర్ బ్రేకు ఒక్కటే. పిండు!"

చెయ్యి వెతుక్కుంది. అంచు దగ్గరికొచ్చేసింది. పిడి దొరికింది. పిండింది. వెనక నుంచి ఎవరో జుట్టు పట్టి లాగినట్టయింది, ట్రైలర్ ఒక్క కుదుపు కుదిపి బుద్ధిగా వెనక వరసలోకి వచ్చింది.

ఊపిరి తీసుకోవడం గుర్తొచ్చేసరికి ఒక మలుపు దాటారు. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కింద ఊరు ఇంకా కనిపించడం లేదు. అద్దంలో మాత్రం కొండ నెత్తిన గీత ఇప్పుడు గీత కాదు, గోడ. ఇంకా ఎన్ని మలుపులున్నాయో డ్వేన్‌ని అడగబోయి పక్కకి ఒక్క చూపు వేసింది.

డ్వేన్ మొహం అటు తిప్పేసుకుని ఉన్నాడు. కిటికీ అద్దం వైపు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడ నా ప్రాణాలు పోతుంటే కిటికీలోంచి సీనరీ చూస్తున్నావా? ఏముందక్కడ, పొగ తప్ప?"

"కిటికీ కాదు పిల్లా. నిన్నే చూస్తున్నాను," అన్నాడు డ్వేన్ మొహం తిప్పకుండానే. "ఇలా అటు తిరిగితేనే కంటి కొసలో నువ్వు ఉంటావు. ఇటు తిరిగితే మళ్ళీ పోతావు."

ముందు ట్వైలా దీపాలు వెలిగాయి. నొక్కింది, వదిలింది.

"తెల్ల తువ్వాలు," అన్నాడు డ్వేన్ కాసేపటికి. "నీ నెత్తిమీద. తెల్ల తువ్వాలు కట్టుకున్నావు."

రోడ్డు మీంచి చూపు తిప్పే వీల్లేదు. అతని వైపు చూడకుండానే అవునని తల ఊపి, మార్లిస్ తర్వాతి మలుపు తిప్పింది.