అహల్య పేనిన వైరు

మానుకోటల సంజీవకు మైకుసెట్టు ఉండేది. చుట్టుపక్కల ఏ ఊర్ల పెండ్లయినా ఆయన స్పీకర్లే పోయేవి. కంపెనీ వైరు కొంటే వచ్చిన కిరాయంత దానికే సరిపోతదని, కాలిపోయిన మోటర్ల రాగితీగ ఏరుకొచ్చి ఇంట్లనే వైరు చేయించేటోడు. పేనేది అక్క అహల్య. కిటికీ ఊచకు ఒక కొస కట్టి, పోగులన్ని కలిపి పేని, పైన గుడ్డపేలిక చుట్టేది.

పేనేటప్పుడు అహల్య మనసుల ఏముంటే అది, ఆ వైరు తగిలించినప్పుడు పాట కింద సన్నగ, ఆమె గొంతుతోనే స్పీకర్ల వినపడేది. పాలకుర్తిల ఒక పెండ్లిల "అయ్యో, పప్పు మాడుతుందేమో" అని వినపడితే వంటోళ్లు గబగబ పొయ్యి కాడికి ఉరికిండ్రు.

"జర మంచి సంగతులు తలుసుకోరాదే అక్కా" అనేటోడు సంజీవ.

"మనసు నా మాట ఇంటదారా?" అనేది అహల్య.

ఆమె పెనిమిటి ప్రభాకర్ అరవై తొమ్మిదిల తెలంగాణ ఉద్యమంలకు పోయిండు. జైలు నుంచి విడిచినంక ఇల్లు చేరలేదు. చదువు ఆగిపాయె, నౌకరి రాకపాయె, ఏ మొఖం పెట్టుకొని పోవాలె అనుకున్నడో ఏమో.

కొన్నేండ్లకు రేగొండల ఒక పెండ్లి పందిట్ల, పాట కింద అహల్య గొంతు వినపడ్డది. "ఏడున్నవయ్యా? వట్టి చేతులతోనే రా. నేనేమనను."

సంజీవ సిగ్గుతోని మైకు బందు పెట్టబోయిండు. పెండ్లిపిల్ల నాయనమ్మ ఆయన చెయ్యి పట్టుకున్నది.

"ఉండనియ్ బిడ్డా. చెప్పుకోనియ్."

అప్పటి సంది సంజీవ ఆ వైరునే ఊరూర తిప్పిండు. ఎంత దూరమైనా కాదనలేదు.

గార్లల ఒక పెండ్లి కాడ, తల నెరిసిన మనిషొకడు పాటలయిపోయేదాక స్పీకరు కిందనే నిలబడ్డడు. సంజీవ గుర్తుపట్టిండు.

"బావా!"

ప్రభాకర్ తలెత్తలేదు. "నాకు ఇద్దరు పిల్లలు సంజీవా. ఇంక ఎదురుచూడొద్దని మీ అక్కకు చెప్పు. గీ మాట అప్పుడే ఇనపడి ఉంటే వచ్చేటోణ్ని."

సంజీవ ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పిండు.

"పానం మంచిగున్నదా ఆయనకు?" అని అడిగింది అహల్య.

"ఉన్నది."

కొత్త తీగ తీసి కిటికీ ఊచకు కొస కట్టింది. తర్వాత పేనుడు షురు చేసింది. తెల్లారి ఆ వైరు తగిలించి చూస్తే పాటొక్కటే వచ్చింది, కంపెనీ వైరు లెక్క సాఫుగ. సంజీవకు ఏడుపాగలేదు.

ఇంకో ఊర్ల పెండ్లికి సామాను బండిల పెడుతుంటే అహల్య వచ్చి ఎక్కి కూసున్నది.

"నువ్వెందుకక్కా?"

"మైకు నేను పట్టుకుంట."

పందిరి ముందర నిలబడి, మైకు మీద వేలుతోని కొట్టి, "హలో, హలో... అందరు ఇటొచ్చి కూసోండ్రి" అన్నది. ఇన్నేండ్లు పాట కింద విన్న గొంతది. జనం తింటున్న ఇస్తార్ల ముందు నుంచి లేచి, ఆమె ఎట్లుంటదో చూద్దామని దగ్గరికి జరిగిండ్రు.